కాల్పులు ఆగిన మర్నాడు ఒకటుంది

2025 మే 10న కేంద్ర హోంశాఖ కింద పనిచేసే పౌర రక్షణ విభాగం టీవీ, రేడియోలకు ఒక సూచన పంపింది. మీ కార్యక్రమాల్లో సైరన్ మోత వాడకండి అని. ఇంత చిన్న సంగతి కూడా ప్రభుత్వం చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. పాకిస్తాన్‌తో పోరాటం మొదలైన మూడు రోజులుగా స్టూడియోల్లో 'బ్రేకింగ్' అన్నప్పుడల్లా సైరన్ మోగుతూనే ఉంది. అదే మోత జమ్మూలోనో అమృత్‌సర్‌లోనో వినిపిస్తే జనం దీపాలార్పేసి పిల్లల్ని చంకనేసుకుని మెట్ల కిందికి పరుగెత్తాలి. ఇక్కడ మనం అది వింటూ అన్నంలో పెరుగు కలుపుకున్నాం. రోజూ వినీ వినీ చెవులు మొద్దుబారిపోతే నిజంగా మోగిన రోజున ఎవరూ కదలరేమోనన్నదే ఆ విభాగం భయం.

సైరన్ సంగతి వాళ్లు చూసుకున్నారు. మొద్దుబారేవి చెవులు మాత్రమే కాదు కనక మిగతాది మనం చూసుకోవాలి. అలాంటి రోజులు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. వస్తే, సరిహద్దుకు వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నా, ఫోను ఉన్న ప్రతి ఇల్లూ అందులో ఉన్నట్టే. ఈ హెచ్చరిక ఇప్పుడే ఎందుకంటే, మోగాక చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. చెప్పినవాడిది ఏ దేశమని కూడా అడుగుతారు.

మే 8 రాత్రి ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. కరాచీ రేవు తగలబడిపోయిందని, పాకిస్తాన్ సైన్యాధిపతిని అరెస్టు చేశారని పేరున్న ఛానళ్లే ప్రత్యక్ష ప్రసారంలో చెప్పాయి. రెండూ అబద్ధాలే. కరాచీ మంటలంటూ తిరిగిన ఒక వీడియో ఆ ఏడాది మొదట్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిది. వీడియో గేముల్లోంచి కత్తిరించిన విమానాల పోరాటాన్ని అవతలివాళ్లూ ఇవతలివాళ్లూ ఎవరికి వాళ్లు తమ విజయమని పంచుకున్నారు. పాకిస్తాన్ సైనిక ప్రతినిధి తమ యుద్ధవిమానాలు పోయాయని ఒప్పుకుంటున్నట్టు కంప్యూటర్‌తో తయారుచేసిన వీడియోను లక్షల మంది చూశారు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దల మాట. ఇప్పుడు నిప్పుతో పనిలేదు, పొగ ఒక్కదాన్నే ఎవరి గదిలో వాళ్లు కూర్చుని తయారు చేసుకోవచ్చు. వచ్చేసారి ఆ పొగ మరింత నున్నగా వస్తుంది. మన జిల్లా యాసలో, మనకు తెలిసిన గొంతుతో వస్తుంది.

అబద్ధం విని ఒక పూట సంబరపడితే పోయేదేముంది అనిపించవచ్చు. ఆ ప్రశ్న పూంచ్‌లో అడగాలి. మే 7న పాకిస్తాన్ ఫిరంగి గుండ్లు ఆ ఊరి మీద పడి చనిపోయినవాళ్లలో స్థానిక మదర్సాలో పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. గెడ్డం, టోపీ ఉన్న ఆయన ఫొటో దొరగ్గానే కొన్ని ఛానళ్లు మన సైన్యం చంపిన ఉగ్రవాది అని చూపించేశాయి. శత్రువు గుండు తగిలి చనిపోయిన భారతీయుణ్ని భారతీయ టీవీ శత్రువుల జాబితాలో వేసింది. అది తప్పుడు వార్త అని పూంచ్ పోలీసులు ప్రకటన ఇచ్చారు. ఆ కుటుంబం పోయినవాడి కోసం ఏడవాల్సిన రోజుల్లో, మా మనిషి ఉగ్రవాది కాదని దేశానికి రుజువు చేసుకుంటూ కూర్చుంది. ఆ ఫొటో నా ఫోనుకూ వచ్చింది. మీకూ వచ్చి ఉంటుంది.

ఈ పోరాటానికి ముందు, ఏప్రిల్ 22న, కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు. మతం అడిగి మరీ చంపారు. మన విశాఖవాసి ఒకరు, కావలికి చెందినవారు ఒకరు అందులో ఉన్నారు. ఆ కోపం న్యాయమైంది, దాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు. కానీ అదే దాడిలో పెళ్లయి వారం తిరక్కుండానే భర్తను పోగొట్టుకున్న ఒక నౌకాదళ అధికారి భార్య, మాకు న్యాయం కావాలి గానీ ముస్లింల మీదా కశ్మీరీల మీదా పడకండి అన్నందుకు ఏమైంది? అంతకు కొద్ది రోజుల ముందు దాకా ఆమె ఫొటో పెట్టుకుని కన్నీళ్లు కార్చినవాళ్లే ఆమెను నానా మాటలూ అన్నారు. జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకుని అది తప్పని చెప్పాల్సి వచ్చింది. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ సంగతి ప్రకటించిన పాపానికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఆయన కూతుర్ని కూడా వదల్లేదు. యుద్ధం ఆగిందన్న కబురు మోసుకొచ్చినవాడు దోషి అయిపోయాడు.

ఇక మన ఊరి సంగతి. శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద ఒక గుంపు పడి బోర్డు పగలగొట్టబోయింది. ఆ బేకరీ పెట్టిన ఖాన్‌చంద్ రమ్నానీ దేశ విభజనప్పుడు సింధు ప్రాంతం వదిలేసి వచ్చిన హిందువు. 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దుకాణం తెరిచి, పోయిన ఊరి పేరు పెట్టుకున్నాడు. పాకిస్తాన్ ఏర్పడటం వల్ల సర్వం పోగొట్టుకున్న కుటుంబం, పాకిస్తాన్ మీద కోపంతో వచ్చినవాళ్లకు భయపడి దుకాణానికి మువ్వన్నెల జెండా కట్టుకుంది. ఆ గుంపులో ఎంతమంది అంతకుముందు ఆదివారం అక్కడే ఫ్రూట్ బిస్కెట్లు కొనుక్కెళ్లారో!

నాలుగు రోజుల పోరాటం అది. మే 7 తెల్లవారుజామున మొదలై 10వ తేదీ సాయంత్రం 5 గంటలకు ఆగింది. అయిదో రోజు పాలవాడు వచ్చాడు, బేకరీ తెరిచారు. నేను చెప్పదలచుకున్నది ఈ అయిదో రోజు గురించే. యుద్ధంలో ఉన్నవాళ్లకు అలాంటి రోజు ఒకటుందని గుర్తుండదు. ఇదే చివరిది, దీని తర్వాత ఇంకేం లేదు, ఇప్పుడు ఏమన్నా చెల్లుతుంది, ఏం చేసినా చెల్లుతుంది అనిపిస్తుంది. ఆశ గురించి ఎన్నో పెద్ద మాటలు చెబుతారు గానీ నాకు తెలిసినంతలో అది మర్నాడు ఉందని నమ్మడమే. నమ్మినవాడు ఆ మర్నాడు పక్కింటివాడి మొహం చూడాల్సి వస్తుందని కూడా తెలిసినవాడై ఉంటాడు. మానవత్వం వేరే ఎక్కణ్నుంచో తెచ్చుకునేది కాదు, ఆ లెక్కలోంచే వస్తుంది.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశంలోనే ఒక చోట రాసిపెట్టి ఉంది. రాజస్థాన్‌లోని దేవలీ. చైనాతో యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21న ముగిసింది, దాదాపు నెల. ఆ నెల ముగియబోతుండగా అస్సాంలోని మాకుం, ఉత్తర బెంగాల్ కొండ ఊళ్లు లాంటి చోట్ల చైనా మూలాలున్న కుటుంబాలను పోలీసులు ఇళ్లలోంచి లేపి తీసుకుపోయారు. వీళ్లలో చాలామంది తాతముత్తాతలు తేయాకు తోటల పనికి ఇంగ్లీషువాళ్లు తెచ్చినవాళ్లు. స్థానిక ఆడపిల్లల్ని చేసుకుని, అస్సామీ మాట్లాడుతూ, వడ్రంగమో చెప్పుల కొట్టో పెట్టుకుని బతుకుతున్నవాళ్లు. బీజింగ్ ఎటువైపు ఉంటుందో కూడా చాలామందికి తెలియదు. కొద్ది రోజులకేనని కట్టుబట్టలతో బయల్దేరదీశారు. రోజుల తరబడి రైల్లో పెట్టి దేశం ఆ చివర నుంచి ఈ చివర ఎడారి దాపుకు తెచ్చి, ముళ్లకంచె లోపల దింపారు. మొత్తం మూడు వేల మంది దాకా ఉంటారు. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు. వాళ్లలో ఎవరి మీదా గూఢచర్యం రుజువు కాలేదు.

నెల రోజుల యుద్ధానికి ఆ శిబిరం అయిదేళ్లు నడిచింది. చివరివాళ్లు 1967లో గానీ బయటికి రాలేదు. మధ్యలో చాలామందిని మద్రాసు రేవుకు తెచ్చి, చైనా పంపిన ఓడలెక్కించి, వాళ్లు ఎన్నడూ చూడని 'స్వదేశానికి' సాగనంపారు. వెనక్కి వచ్చినవాళ్లకు ఇల్లూ లేదు కొట్టూ లేదు, శత్రు ఆస్తి కింద వేలం వేసేశారు. కొనుక్కున్నది ఎవరు? పక్క వీధివాళ్లే. ప్రభుత్వం తన చట్టం తాను తెచ్చింది, సరే. ఆ పాట పాడినప్పుడు చెయ్యెత్తింది మాత్రం ఇరుగుపొరుగు. అమెరికా 1942లో అక్కడి జపాన్ సంతతి వాళ్లను లక్షా ఇరవై వేల మందిని ఇలాగే శిబిరాల్లో పెట్టింది, 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది. దేవలీవాళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. మనలో ఎక్కువమందికి ఆ ఊరి పేరు కూడా తెలియదు. రాజస్థాన్ వెళితే జైపూర్ కోటలు చూసి వచ్చేస్తాం.

వాళ్లు చైనీయులు, మనకేం అంటారా? మనమూ ఒకప్పుడు ఆ 'వాళ్ల'మే. రంగూన్ రేవులో బరువులు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుంచి ఓడెక్కినవాళ్లు. వాళ్లను అక్కడ కోరంగివాళ్లనేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకుని, సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నాయి. యజమానుల మీద రావలసిన కోపం తెలుగు కూలీల మీదికి మళ్లింది. రోజుల తరబడి సాగిన ఆ అల్లర్లలో అధికారిక లెక్కల్లోనే చావులు వంద దాటాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, మూడు నెలల్లో ఊరు ఖాళీ అయింది. ఓడల్లో చోటు ఉన్నవాళ్లకే దొరికింది. కూలీ జనం అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. బర్మా వదిలి వచ్చిన భారతీయులు సుమారు అయిదు లక్షల మందైతే దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్లకు మంచి దారులు, మనవాళ్లకు చావు దారులు కేటాయించారని అప్పట్లో దేశమంతా మండిపడింది. పరాయి గడ్డ మీద పరాయివాడిగా యుద్ధంలో చిక్కుకోవడమంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2022లో ఉక్రెయిన్ హాస్టళ్ల నేలమాళిగల్లోంచి మన పిల్లలు ఫోన్లు చేసినప్పుడు మళ్లీ తెలిసింది.

1942లో భయం మన గడప దాకా కూడా వచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ జనం దొరికిన బండి కట్టుకుని పల్లెలకు పోయారు. శత్రువు నేడో రేపో ఒడ్డున దిగుతాడన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. ప్రభుత్వ శాఖలు కొన్ని చిత్తూరు, మదనపల్లె లాంటి ఊళ్లకు తరలిపోయాయి. బాంబులు పడి బోనులు పగిలితే ఊరి మీద పడతాయేమోనని మద్రాసు జంతు ప్రదర్శనశాలలో సింహాలను, పులులను పోలీసుల చేత కాల్పించేశారు. జపాన్ సైన్యం రానేలేదు. ఖాళీ బోనులు మాత్రం మిగిలాయి.

అదే రోజుల్లో ఇంకో పని కూడా జరిగింది, దాన్ని మనం తగినంతగా తలుచుకోం. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని మూసెయ్యలేదు, గుంటూరుకు తరలించారు. కట్టమంచి రామలింగారెడ్డి అప్పుడు వైస్ ఛాన్సలర్. సముద్రం మీదినుంచి ఎప్పుడు ఏది వచ్చి పడుతుందో తెలియని కాలంలో పాఠాలు, పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోవడం అప్పుడు కొందరికి వెర్రితనంగా కనిపించి ఉండొచ్చు. మర్నాడు ఉందని లెక్క వేసుకున్నవాళ్లు చేసే పని అది.

ఆ లెక్క ఎంత దూరం పోగలదో చూడాలంటే లెనిన్‌గ్రాడ్ చూడాలి. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఆ నగరాన్ని చుట్టుముట్టింది. 1944 జనవరి దాకా దిగ్బంధం వీడలేదు. మొదటి చలికాలంలో పనిచెయ్యని మనిషికి రోజుకు దక్కిన రొట్టె 125 గ్రాములు, అందులోనూ పొట్టూ పిచ్చిచెత్తా. ఆకలితో లక్షల మంది పోయారు. ఆ నగరం నడిబొడ్డున, సెయింట్ ఐజాక్ కూడలిలో, నికొలాయ్ వావిలోవ్ లోకమంతా తిరిగి పోగుచేసిన విత్తనాల భాండాగారం ఉంది. గోధుమ, బార్లీ, వరి, బఠాణీ, వేరుశనగ, బంగాళాదుంప, వేల రకాలు, టన్నుల కొద్దీ గింజలు. దాన్ని నడిపే శాస్త్రవేత్తలకు కూడా ఆ 125 గ్రాముల లాంటి రొట్టే. కిటికీలు పగిలిపోయాయి. ఎలుకలు అల్మారాలెక్కి డబ్బాలు పడదోసేవి. వంతులు వేసుకుని రాత్రింబగళ్లు కాపలా కాశారు. గది చలికి గింజ చచ్చిపోకుండా దొరికిన కట్టెముక్కా కాగితమూ తగలబెట్టారు.

వేరుశనగ సేకరణ చూసే అలెగ్జాండర్ షూకిన్ తన బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. వరి సేకరణ చూసే ద్మిత్రీ ఇవనోవ్ చనిపోయేనాటికి ఆయన చుట్టూ వేల పొట్లాల వడ్లు ఉన్నాయి. ఒక్క పొట్లం విప్పి కాస్త గంజి కాచుకుంటే ఇంకో వారం బతికేవాడు. వరి తిని వరితోనే బతికే మనకు ఈ సంగతి వేరే ఎవరికన్నా కొంచెం ఎక్కువ తెలియాలి. విత్తనం తినేస్తే వచ్చే ఏడు లేదని రైతు ఇంట్లో పసివాడికి కూడా తెలుసు. వాళ్ల త్యాగం వెనక గొప్ప ప్రభుత్వం కూడా ఏమీ లేదు. వావిలోవ్‌ను స్టాలిన్ పోలీసులు అంతకుముందే, 1940లో పట్టుకుపోయారు. 1943 జనవరిలో ఆయన సరాతోవ్ జైల్లో తిండిలేక చనిపోయాడు. గురువు దేశద్రోహి అయిపోయాడు, పైన జర్మన్ విమానాలు, లోపల ఖాళీ కడుపు. అయినా అల్మారాలకు తాళాలు వేసుకుంటూ పోయారు. ఎవరి కోసం? యుద్ధం తర్వాత పంట వేసేవాళ్ల కోసం, వాళ్లెవరో వీళ్లకు తెలియదు.

ఇలాంటిది మన కాలంలోనూ ఉంది. సిరియాలో అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం అంతర్యుద్ధంలో అందుబాటు లేకుండా పోయింది. దాన్ని నడిపే సంస్థ అంతకుముందే నకళ్లను ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ మంచుకొండ భాండాగారంలో దాచింది. 2015లో వాటిని వెనక్కి తెప్పించుకుని లెబనాన్, మొరాకోల్లో మళ్లీ విత్తారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా తన జొన్న, సజ్జ, కంది విత్తనాలను అదే భాండాగారంలో దాచింది.

ఇదంతా విని, సరిహద్దులో కుర్రాళ్లు ప్రాణాలొడ్డుతుంటే సుద్దులు చెబుతున్నావా అని అడిగేవాళ్లుంటారు. సరే, సైనికుల సంగతే చూద్దాం. 1999 జులైలో టైగర్ హిల్ దగ్గర మన సైన్యంతో భీకరంగా పోరాడి చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది అతని పేరే) జేబులో, ఇతను చాలా ధైర్యంగా పోరాడాడు, తగిన గౌరవం ఇవ్వండి అని చీటీ రాసి పెట్టించింది మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా. ఆ మాట మీదే పాకిస్తాన్ అతనికి తన అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఆ కొండ ఎక్కుతూ తన మనుషుల్ని పోగొట్టుకున్న అధికారి ఆయన. అదే యుద్ధంలో పాకిస్తాన్ తనవాళ్లు కారని వదిలేసిన శవాలకు మనవాళ్లు జనాజా నమాజు చదివించి సమాధి చేశారు. 1971లో ఢాకాలో లొంగిపోయిన 93 వేల మందిని జెనీవా ఒప్పందాల ప్రకారం ఉంచి, తర్వాత ఇళ్లకు పంపించాం. బాజ్వా చేసిన పని మే 8 రాత్రి స్టూడియోలో కూర్చున్న ఏ యాంకరైనా చెయ్యగలడా? తుపాకీ పేల్చేవాడికి తన ఎదుట ఉన్నది మనిషేనని తెలుసు. ఫోను తెర మీద వేలు ఆడించేవాడికి మనిషి కనపడడు, బొమ్మ కనపడుతుంది. మర్చిపోయే ప్రమాదం అందుకే మనకే ఎక్కువ.

పహల్గాంలో చనిపోయిన 26 మందిలో ఒకడు అక్కడ గుర్రాల మీద పర్యాటకులను తిప్పే కశ్మీరీ ముస్లిం. తాను తీసుకొచ్చినవాళ్లను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. గాయపడ్డవాళ్లను వీపుల మీద మోసుకుని కొండ దించింది కూడా అతని తోటివాళ్లే. ఈ సంగతి ఏ ఫార్వర్డులో వచ్చింది చెప్పండి?

అలాంటి రోజులు వస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే ఇంట్లో అనుకుని ఉంచుకోండి. వీడియో వస్తే ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీసింది అన్న మూడింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా అది మీ ఫోన్లోనే ఆగిపోవాలి. ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడండి, అలాగని అదొక్కటే చూసి ఊరుకోవద్దు. ఏ ప్రభుత్వమైనా యుద్ధంలో తనకు నచ్చని నిజాన్ని చెప్పడానికి తొందరపడదు. రెండు మూడు చోట్ల సరిచూసుకునే దాకా నాకు తెలియదు అనడం నేర్చుకోవాలి. 'తెలియదు' అన్నందుకు ఎవరి పరువూ పోదు. సైనిక వాహనాలు పోతుంటే, రైల్లో జవాన్లు కనపడితే, విమానాశ్రయం దగ్గర కదలిక కనపడితే వీడియో తియ్యకండి, పెట్టకండి. విశాఖ లాంటి నౌకాదళ నగరంలో ఇది మరీ ముఖ్యం. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ తీరం దాకా వచ్చి అక్కడే మునిగిందన్న సంగతి బీచ్ రోడ్డులో నడిచే ప్రతివాడూ గుర్తుంచుకోవాలి.

సైనికుడు చనిపోయాడన్న వార్త మీ ఊరిదైతే, ఆ ఇంటికి అధికారికంగా కబురు చేరే దాకా నోరు మూసుకోండి. 2025 మేలో శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని ఒక తండా తన కుర్రాణ్ని అలా పోగొట్టుకుంది. అలాంటి ఇంటికి కావలసింది మన స్టేటస్ కాదు, బియ్యం బస్తా, పొలం పనికి మనిషి, పింఛను కాగితాలు నింపిపెట్టే చదువుకున్నవాడు. అదీ ఆ వారానికి కాదు, మూడు నెలల తర్వాత, అందరూ వెళ్లిపోయాక.

జమ్మూలో, పంజాబ్‌లో, శ్రీనగర్‌లో చదువుకునే మన పిల్లలు ఆ రోజుల్లో దొరికిన రైలెక్కి ఢిల్లీ చేరితే ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ చోటిచ్చి ఇళ్లకు పంపాయి. మరి మన ఊళ్లో చదువుకునే కశ్మీరీ పిల్లలు, శాలువాలమ్ముకునే కశ్మీరీ వ్యాపారులు అప్పుడు ఎక్కడికి పోవాలి? హాస్టల్ వార్డెన్లు, ఇంటి యజమానులు, కాలనీ సంఘాలవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. అవసరమైతే ఆ పిల్లవాడి పేరు, ఫోను నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి, గుంపు వచ్చినప్పుడు 112కు మొదటి ఫోను మీదే కావాలి. పెట్రోలు బంకు ముందు బారులు తీరకండి. మీరు ఇంట్లో దాచిన పది కిలోల కందిపప్పు రోజు కూలి మీద బతికేవాడి గిన్నెలోంచి వచ్చిందే. పిల్లల ఎదుట రోజంతా టీవీ పెట్టకండి. వాళ్లు అడిగితే నిజం చెప్పండి, కానీ అవతలివైపు కూడా మీ ఈడు పిల్లలున్నారని చెప్పడం మర్చిపోకండి. పూంచ్‌లో బడికెళ్లే పిల్లలు చనిపోయారు. సరిహద్దు అవతలా పిల్లలు చనిపోయారు. ఒక లెక్క చెప్పి ఇంకోటి దాచే ఇల్లు పిల్లవాడికి ఏం నేర్పుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అపార్టుమెంటుదో, పదో తరగతి బ్యాచ్‌దో, కులానిదో, గుడి కమిటీదో ఏదైనా కానివ్వండి, అందులో అబద్ధం వెళితే అది మీ గడప దాటి వెళ్లినట్టే. గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగేలా మార్చుకునే వీలుంది. ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి. అలాంటి రోజు వస్తే రాత్రి తొమ్మిదికి దాన్ని నొక్కండి, పొద్దున తియ్యండి. బావగారు అలిగితే అలగనివ్వండి.